555 ట్రిగ్గర్ తలనొప్పి: మెట్ల లైటు వెలిగితే ఆరట్లేదు, మోటార్ వేస్తే దానంతటదే వెలుగుతోంది

గోదారి_గట్టు (రాజమండ్రి)

అందరికీ నమస్తే. మాది మూడు అంతస్తుల ఇల్లు. కింద మేముంటాం, పై రెండూ అద్దెకిచ్చాం. మెట్ల లైటు వేసినవాళ్లు ఆర్పరు, పొద్దున దాకా వెలుగుతూనే ఉంటుంది. బటన్ నొక్కితే మూడు నిమిషాలు వెలిగి ఆరిపోయేలా ఎన్‌ఈ555 టైమర్ ఐసీతో మోనోస్టేబుల్ సర్క్యూట్ కట్టాను.

సప్లై 12 వోల్టుల అడాప్టర్. 6, 7 పిన్లు కలిపి, అక్కడి నుంచి గ్రౌండ్‌కి 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్, ప్లస్‌కి 330 కె (కిలోఓంల) రెసిస్టర్. లెక్క ప్రకారం 1.1 × 330 కె × 470 మైక్రో, అంటే 170 సెకన్లు. 3వ పిన్ నుంచి 4.7 కె ద్వారా బీసీ547 ట్రాన్సిస్టర్, దానికి 12 వోల్టుల రిలే. రిలే కాయిల్ మీద 1ఎన్4007 డయోడ్ ఉంది. 2వ పిన్ నుంచి ప్లస్‌కి 10 కె. ప్రతి అంతస్తులో ఒక కాలింగ్ బెల్ స్విచ్ పెట్టాను. మూడూ పారలల్‌గా, ఏది నొక్కినా 2వ పిన్ గ్రౌండ్ అవుతుంది.

టేబుల్ మీద బ్రహ్మాండంగా పనిచేసింది. గోడకెక్కించాకే గొడవ.

ఒకటి, ఒక్కోసారి లైటు గంటలు గడిచినా ఆరదు. మళ్లీ ఎప్పుడో దానంతటదే ఆరిపోతుంది. రెండు, నీళ్ల మోటార్ వేసినా ఆపినా ఎవరూ నొక్కకుండానే లైటు వెలుగుతుంది. మూడు, కరెంట్ పోయి వచ్చినప్పుడల్లా ఒకసారి వెలుగుతుంది. ఐసీ మార్చి చూశాను, అదే వరస. ఇంట్లోవాళ్ల నవ్వులు వేరే.

---

ఓరుగల్లు_ఓమ్స్ (హనుమకొండ)

అన్నా, 4వ పిన్ ఏడ గలిపినవ్? 5వ దాంట్ల ఏమన్న పెట్టినవా? రెండూ గాలికి ఒదిలేస్తే ఐసీ ఎన్ని మార్చినా అంతే.

---

గోదారి_గట్టు

4వది ప్లస్‌కే కలిపాను. 5 ఖాళీగా ఉంది తమ్ముడూ. ఏమీ పెట్టక్కర్లేదని ఎక్కడో చదివా.

---

ఓరుగల్లు_ఓమ్స్

టేబుల్ మీద అక్కర్లేదు. మోటార్ పక్కన అయితే 0.01 మైక్రోఫారడ్ పెట్టాలె. పది పైసల కెపాసిటర్‌కి పిసినారితనమెందుకన్నా.

---

సర్క్యూట్_శారద (గుంటూరు)

నమస్తే అండి. పాలిటెక్నిక్ ల్యాబ్‌లో ఏటా పిల్లలందరూ ఈ ప్రశ్న అడుగుతారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

555 లోపల ప్లస్ నుంచి గ్రౌండ్ వరకు మూడు 5 కె రెసిస్టర్లు వరసగా ఉంటాయి. మీ 12 వోల్టుల్ని అవి మూడు సమాన భాగాలు చేస్తాయి, అంటే 4 వోల్టుల దగ్గర ఒక హద్దు, 8 వోల్టుల దగ్గర ఒక హద్దు. 2వ పిన్ 4 వోల్టుల కిందకి దిగితే అవుట్‌పుట్ పైకి వెళ్తుంది, 7వ పిన్ కెపాసిటర్‌ని వదిలేస్తుంది, అది నిండటం మొదలవుతుంది. 6వ పిన్ 8 వోల్టులు దాటితే అవుట్‌పుట్ దిగి, 7వ పిన్ కెపాసిటర్‌ని ఖాళీ చేస్తుంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

చాలామంది చూడనిది ఇంకొకటుంది. రెండు పిన్లూ ఒకేసారి ఆర్డరిస్తే, అంటే 6 హద్దు దాటేసింది, 2 ఇంకా కిందే ఉంది అనుకోండి, అప్పుడు 2వ పిన్ మాటే నెగ్గుతుంది. దానికి పైన 4వ పిన్ ఒక్కటే ఉంది, రీసెట్ ఎవరి మాటా వినదు. కాబట్టి 2వ పిన్ కిందే ఉన్నంతసేపూ, మూడు నిమిషాలైనా మూడు గంటలైనా, అవుట్‌పుట్ దిగదు. వదిలిన క్షణంలో టక్కున దిగుతుంది. 'గంటల తర్వాత దానంతటదే ఆరింది' అన్నారు చూడండి, నా అనుమానం అక్కడే.

ఈసారి ఆరకుండా ఉన్నప్పుడు మీటర్ తీసుకుని 2, 4, 5, 6 పిన్ల దగ్గర వోల్టేజీలు చూసి పెట్టండి. నల్ల ప్రోబు 1వ పిన్ మీదే ఉంచండి, అడాప్టర్ జాక్ దగ్గర కాదు.

---

ఆర్డ్యునో_అభి (హైదరాబాద్)

2024 దాటాక కూడా 555 ఏంటి బ్రో. ఏటీటైనీ85 మైక్రోకంట్రోలర్ పెట్టు, అదీ 8 పిన్లే. పది లైన్ల కోడ్, అయిపోతుంది.

---

పాతరేడియో (తెనాలి)

వచ్చాడయ్యా మనవాడు. బాబూ, నువ్వు ఏ మైక్రో పెట్టినా ఆ గోడలో వైరు అదే, ఆ మోటారు అదే. ముందు రోగమేంటో తెలియనివ్వు. 1972 నుంచి దొరుకుతోంది ఈ ఐసీ, ఇంకో నాలుగు రోజులాగితే దానికేం కాదు.

---

గోదారి_గట్టు

శారద మేడం, నిన్న రాత్రి మళ్లీ అదే జరిగింది. వెంటనే చూశాను.

2వ పిన్: 0.0
4వ పిన్: 12.1
5వ పిన్: 8.0
6వ పిన్: 11.6

మీరన్నట్టే 2 సున్నా మీద కూర్చుంది.

---

సర్క్యూట్_శారద

ఇక ఐసీది ఏ తప్పూ లేదు. 0.0 అంటే ఏదో ఒక స్విచ్ కలిసే ఉంది. మూడు స్విచ్ల వైర్లూ బోర్డు దగ్గర ఒక్కొక్కటీ ఊడదీస్తూ రండి. ఏది తీస్తే ఆరుతుందో అదే.

---

పాతరేడియో

ఈమధ్య ఇంటికి రంగులేయించారా? బెల్ స్విచ్ అంచుల్లో పెయింట్ దిగితే బటన్ లోపలికెళ్లి తిరిగి రాదు. బెల్ అయితే మోగుతూనే ఉంటుంది కాబట్టి వెంటనే తెలుస్తుంది, దీనికి చప్పుడు లేదు కదా.

---

గోదారి_గట్టు

పాతరేడియో గారూ, మీకు దండం. రెండో అంతస్తు స్విచ్! సంక్రాంతికి వేయించిన పెయింట్ బటన్ చుట్టూ గట్టిపడి ఉంది. నొక్కితే సగం లోపలే ఆగుతోంది, ఇంకోసారి పక్కకి నొక్కితే బయటికొస్తోంది. బ్లేడుతో గీకాను, సరిపోయింది.

కానీ రేపు అద్దెకున్న పిల్లలు టూత్‌పిక్ గుచ్చినా ఇదే కథ. నొక్కి పట్టుకున్నా మూడు నిమిషాలకి ఆరేలా చేయలేమా?

---

పాతరేడియో

చేయొచ్చు. స్విచ్చికీ 2వ పిన్నుకీ మధ్య ఒక 0.01 మైక్రోఫారడ్ కండెన్సర్ (అదే, కెపాసిటర్) పెట్టండి. 2వ పిన్ దగ్గర 10 కె అలాగే ఉండాలి. నొక్కగానే కండెన్సర్ 2వ పిన్నుని ఒక్క క్షణం కిందికి లాగుతుంది, తర్వాత 10 కె దాన్ని పైకి తెచ్చేస్తుంది. స్విచ్ అలాగే అతుక్కుపోయినా 555కి ఆ సంగతి తెలియదు.

---

డల్లాస్_బాబాయ్ (టెక్సస్)

దానికి లెక్క: 10 కె × 0.01 మైక్రో = 100 మైక్రోసెకన్లు. సున్నా నుంచి 12 వైపు ఎక్కుతూ 4 వోల్టులు చేరడానికి దాంట్లో 0.4 వంతు, అంటే 40 మైక్రోసెకన్లు. 555కి ఇది ధారాళంగా చాలు. ఇంకో ముక్క, 2వ పిన్ నుంచి ప్లస్‌కి ఒక 1ఎన్4148 పెట్టండి, గీత ఉన్న వైపు ప్లస్‌కి. స్విచ్ వదిలినప్పుడు కెపాసిటర్ 2వ పిన్నుని సప్లై కంటే పైకి తోస్తుంది, డయోడ్ ఆ పొగరు అణుస్తుంది.

---

గోదారి_గట్టు

పెట్టాను. ఇప్పుడు వింతగా ఉంది. అడాప్టర్ పెట్టాక మొదటిసారి నొక్కితే పనిచేస్తుంది. లైటు ఆరాక రెండోసారి నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. సరే చూద్దామని ఆ 0.01 కెపాసిటర్ రెండు కాళ్ల మీదా మీటర్ ప్రోబులు పెట్టాను. మీటర్ పెట్టి ఉన్నంతసేపూ ఎన్నిసార్లు నొక్కినా పనిచేస్తుంది! తీస్తే మళ్లీ మొండికేస్తుంది. మీటర్‌ని కూడా బోర్డుతోపాటు గోడకి బిగించమంటారా?

---

ఓరుగల్లు_ఓమ్స్

హహ, బిగించెయ్ అన్నా, అంకెలు గూడ కనవడ్తయ్.

ముచ్చట ఏందంటే, కెపాసిటర్‌కి స్విచ్ దిక్కున్న కాలుకి పుల్-అప్ (ప్లస్‌కి కలిపే రెసిస్టర్) లేదు నీకు. నొక్కినప్పుడు ఆ కాలు సున్నాకొచ్చింది, ఇటు కాలు 12కి ఎక్కింది, కెపాసిటర్ల 12 వోల్టులు నిండినయ్. స్విచ్ ఇడిశినంక ఆ దిక్కు కాలు గాల్లనే ఉంటది. ఛార్జ్ పొయ్యేతందుకు తొవ్వ లేదు. మళ్ల నొక్కితే అది సున్నానించి సున్నాకొస్తది, 2వ పిన్నుకి ఏం దెలుస్తది?

నీ మీటర్ ఇంపీడెన్స్ 10 మెగాఓంలుంటది. రెండు కాళ్ల మీద పెట్టంగనే అదే రెసిస్టర్ లెక్క పనిజేసి ఛార్జ్ తాగేసింది. 10 మెగా, 0.01 మైక్రో గుణిస్తే సెకన్ల పదో వంతు, అందుకే నువ్వు మళ్ల నొక్కేవరకు ఖాళీ. స్విచ్ దిక్కు గూడ ఒక 10 కె ప్లస్‌కి పెట్టు, అయిపాయె.

---

గోదారి_గట్టు

పెట్టాను, అయిపోయింది. బటన్ మీద టేపేసి అతికించి చూశాను, మూడు నిమిషాల తర్వాత ఆరింది. మొదటి సమస్య ఖతం.

మోటార్ సంగతి మాత్రం అలాగే ఉంది. ఇంకా ఎక్కువైందేమో కూడా.

---

పాతరేడియో

స్విచ్ వైర్లు ఎలా తీసుకెళ్లారు?

---

గోదారి_గట్టు

మోటార్ వైర్లు వెళ్లే పైపులోంచే లాగేశాను. వేరే పైపు లేదు. కింద నుంచి పై అంతస్తు దాకా రమారమి 15 మీటర్లుంటుంది.

---

డల్లాస్_బాబాయ్

230 వోల్టుల లైన్‌కి ఆనుకుని 15 మీటర్లు. దానికి పైన మీరు పెట్టింది 10 కె మాత్రమే. స్టార్టర్ పడ్డప్పుడు ఆ వైర్లో స్పైక్ రావడం వింతేమీ కాదు. ఇప్పుడు కెపాసిటర్ పెట్టాం కాబట్టి నిలకడగా ఉన్న వోల్టేజీ దాటదు కానీ, స్పైక్ శుభ్రంగా దాటిపోతుంది. అందుకే ఎక్కువైనట్టు అనిపించి ఉంటుంది.

బోర్డు దగ్గరికొచ్చే స్విచ్ లైన్‌లో సిరీస్‌గా 100 ఓం. దాని తర్వాత ప్లస్‌కి 10 కె తీసేసి 1 కె. అక్కడే గ్రౌండ్‌కి 0.1 మైక్రోఫారడ్. 1 కె వల్ల నొక్కినప్పుడు 11 మిల్లీయాంపులు పోతాయి, తుప్పు పట్టిన బెల్ స్విచ్‌కి అది కూడా మంచిదే, మరీ సన్నని కరెంటు అయితే పాత కాంటాక్టులు సరిగా కలవవు.

---

పాతరేడియో

అది సరే బాబాయ్, తర్వాత 2వ పిన్నుకి వెళ్లే 0.01 అలాగే ఉంచమంటారా?

---

డల్లాస్_బాబాయ్

మంచి ప్రశ్న వేశారు. ఇప్పుడే కాగితం మీద వేసి చూశాను, ఉంచకూడదు.

స్విచ్ నొక్కితే 0.1 కెపాసిటర్ 100 ఓంల ద్వారా ఖాళీ అవుతుంది, దానికి 9 మైక్రోసెకన్ల టైమ్ కాన్‌స్టంట్. పైగా 1 కె, 100 ఓం డివైడర్ కాబట్టి సున్నా దాకా రాదు, 1.1 దగ్గర ఆగుతుంది. ఆ దిగే లోపలే 2వ పిన్ దగ్గరి 10 కె, 0.01 జంట తన 100 మైక్రోసెకన్లతో పైకి లాగుతూ ఉంటుంది. రెండూ కలిపి చూస్తే 2వ పిన్ 3.4 వోల్టుల దాకా మాత్రమే దిగుతుంది. హద్దు 4. టేబుల్ మీద పనిచేస్తుంది, సప్లై కాస్త ఊగినా, స్విచ్‌లో కాస్త రెసిస్టెన్స్ పెరిగినా చేయదు. అలాంటి సర్క్యూటే మనిషిని పిచ్చివాణ్ణి చేసేది.

0.01 తీసేసి అక్కడ కూడా 0.1 పెట్టండి. అప్పుడు 10 కెతో 1 మిల్లీసెకను, 2వ పిన్ 1.6 దాకా దిగుతుంది, 4 వోల్టుల కింద రమారమి 0.3 మిల్లీసెకను ఉంటుంది. హాయి.

---

సర్క్యూట్_శారద

ఈ లెక్క మా పిల్లల చేత చేయిస్తాను. 'ఫిల్టర్ పెట్టాం, ట్రిగ్గర్ ఆగిపోయింది' అని చెప్పే ప్రతి ప్రాజెక్టులో జరిగేది ఇదే.

గోదారి గారూ, సప్లై వైపు కూడా చూడండి. మామూలు బైపోలార్ 555 అవుట్‌పుట్ మారే క్షణంలో లోపలి రెండు ట్రాన్సిస్టర్లూ ఒక్కసారి కలిసి ఆన్ అయి వందల మిల్లీయాంపులు లాగేస్తుంది. 1, 8 పిన్లకి వీలైనంత దగ్గరగా 0.1 సెరామిక్, పక్కనే 100 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ పెట్టండి. 5వ పిన్ 0.01 సంగతి ఓరుగల్లు గారు ముందే చెప్పారు. 5వ పిన్ ఊగితే రెండు హద్దులూ కలిసి ఊగుతాయి, ఎందుకంటే ట్రిగ్గర్ హద్దు ఎప్పుడూ 5వ పిన్ వోల్టేజీలో సగమే.

---

ఆర్డ్యునో_అభి

సీమాస్ వెర్షన్ టీఎల్‌సీ555 పెడితే ఆ సప్లై స్పైక్ గోల ఉండదు కదా. అవుట్‌పుట్ మాత్రం సోర్స్ చేసేది 10 మిల్లీయాంపులే, కానీ బీసీ547 బేస్‌కి అదెక్కువే. ఎంత మైక్రో మనిషినైనా ఈ మాత్రం నాకూ తెలుసు.

నా పాయింట్ ఇంకోటుంది. కోడ్‌లో 50 మిల్లీసెకన్లు వరసగా లో ఉంటేనే నొక్కినట్టు అని రాస్తే, మైక్రోసెకన్ల స్పైక్ ఎన్నొచ్చినా లెక్కలోకి రాదు. 3 నిమిషాలు అంటే 3 నిమిషాలే.

---

సర్క్యూట్_శారద

అభి గారన్నది నిజమే, అందులో వాదనేం లేదు. ఇన్‌పుట్ పిన్నుని కాపాడే రెసిస్టర్, కెపాసిటర్ మాత్రం అక్కడా పెట్టాలి. స్పైక్ చిప్‌ని రీసెట్ చేస్తే కోడ్ చదివేవాడే ఉండడు.

---

కడప_కుర్రాడు

మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దు. నాది కూడా 555 ట్రిగ్గరే. గేటు దగ్గర లైటుకి హెచ్‌సీ-ఎస్‌ఆర్501 పీఐఆర్ (మనిషి కదలికని పసిగట్టే సెన్సర్) పెట్టినా. దాని అవుట్‌పుట్ నేరుగా 2వ పిన్నుకి. 12 వోల్టులిస్తే లైటు ఎప్పుడూ వెలిగే ఉంటాది. 5 వోల్టులిస్తే ఇంకా తమాషా, మనిషి లేనప్పుడు వెలుగుతాది, మనిషొస్తే ఆరిపోతాది! దొంగలకి పనికొచ్చే లైటయ్యింది మాది.

---

ఓరుగల్లు_ఓమ్స్

ఈ ప్రాజెక్ట్‌కి పేటెంట్ తీస్కో తమ్మీ.

పీఐఆర్ అవుట్‌పుట్ మనిషొస్తే 3.3 వోల్టులు, లేకుంటే సున్నా. 12 వోల్టుల 555కి హద్దు 4. సున్నా గూడ 4 కన్న తక్కువే, 3.3 గూడ తక్కువే. మనిషున్నా లేకున్నా ట్రిగ్గరే. 5 వోల్టులైతే హద్దు 1.67. ఎవ్వరు లేనప్పుడు సున్నా, గందుకే ట్రిగ్గరై ఎలుగుతాంది, టైమింగ్ కెపాసిటర్ నిండి కూసుంటది. మనిషి రాంగనే 3.3, హద్దు దాటింది, ట్రిగ్గర్ ఇడిశింది, టక్కున ఆరుతది.

నడుమ బీసీ547 పెట్టు. పీఐఆర్ నుంచి 4.7 కె ద్వారా బేస్, ఎమిటర్ గ్రౌండ్, కలెక్టర్ 2వ పిన్నుకి, 2వ పిన్నుకి 10 కె పుల్-అప్. ఉల్టాది సీదా అయితది.

---

కడప_కుర్రాడు

పెట్టినా అన్నా, సీదా అయ్యింది. థాంక్స్. ఇప్పుడు ఇంకోటి. మనిషి గేటు కాడ నిలబడి మాట్లాడుతా ఉంటే, పీఐఆర్ ఆగిన మరుక్షణమే లైటు ఆరిపోతాంది. 555 టైము కలవట్లేదు దానికి. మనిషి వెళ్లినాక ఒక నిమిషం వెలగాల నాకు.

---

డల్లాస్_బాబాయ్

పీఐఆర్ 2వ పిన్నుని కింద పట్టుకున్నంతసేపూ టైమింగ్ కెపాసిటర్ నిండుతూనే ఉంటుంది. పైన శారద గారు చెప్పిన విషయమే. వదిలేసరికి అది 8 దాటేసి ఉంటుంది, కాబట్టి వెంటనే ఆరుతుంది. ట్రిగ్గర్ కిందున్నంతసేపూ ఆ కెపాసిటర్‌ని ఎవరైనా ఖాళీగా ఉంచాలి. దానికి ఒక పీఎన్‌పీ ట్రాన్సిస్టర్, బీసీ557. ఎమిటర్ 6, 7 పిన్ల దగ్గరికి, కలెక్టర్ 100 ఓం ద్వారా గ్రౌండ్‌కి, బేస్ 1 కె ద్వారా 2వ పిన్నుకి.

ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మలన్నీ ఇక్కడితో ఆగిపోతాయి. అవి 5 వోల్టుల సర్క్యూట్లు. మీది 12. ఖాళీగా ఉన్నప్పుడు బేస్ 12 దగ్గర, ఎమిటర్ సున్నా దగ్గర ఉంటాయి. బీసీ557 బేస్-ఎమిటర్ రివర్స్‌లో భరించేది 5 వోల్టులే. అందుకే ఎమిటర్‌కి సిరీస్‌గా ఒక 1ఎన్4148 పెట్టండి, గీత ఎమిటర్ వైపు. దీనివల్ల కెపాసిటర్ పూర్తిగా ఖాళీ కాదు, 1.4 వోల్టుల దగ్గర ఆగుతుంది, టైము పదో వంతు తగ్గుతుంది. రెసిస్టర్ ఆమేరకు పెంచుకోండి.

---

పాతరేడియో

ఆ 100 ఓం మాత్రం మానేయొద్దు కుర్రాడా. 470 మైక్రో కండెన్సర్‌ని నేరుగా షార్ట్ చేస్తే బీసీ557 ఎన్నాళ్లో ఉండదు. దాని కెపాసిటీ 100 మిల్లీయాంపులే.

---

గోదారి_గట్టు

కడప తమ్ముడి గేటు లైటు అయిపోతే నా దగ్గరికి రండి 🙂

100 ఓం, 1 కె, రెండు 0.1లు, 5వ పిన్‌కి 0.01, సప్లైకి 100 మైక్రో, అన్నీ పెట్టాను. మోటార్ వేసి ఆపి వేసి ఆపి చూశాను, లైటు కదల్లేదు. మా ఆవిడ 'మోటార్ కాల్చేస్తావా' అని అరిచేదాకా చూశాను.

మిగిలింది కరెంట్ పోయి వచ్చినప్పుడు వెలగడం. ఇది ఫిల్టర్ పెట్టాక కూడా ఉంది.

---

సర్క్యూట్_శారద

ఫిల్టర్ పెట్టాక ఇంకా ఖాయంగా ఉంటుందండి. కరెంట్ వచ్చిన క్షణంలో ఆ 0.1 కెపాసిటర్లు రెండూ ఖాళీ. సప్లై 12కి ఎక్కుతుంటే 2వ పిన్ మాత్రం సున్నా దగ్గర నుంచి నెమ్మదిగా బయలుదేరుతుంది. 555 చూసేసరికి 2వ పిన్ హద్దు కింద ఉంది, ట్రిగ్గర్ అయింది అనుకుంటుంది.

దీనికి రీసెట్ వాడాలి. 4వ పిన్ ప్లస్ నుంచి విడదీసి, 10 కె ద్వారా ప్లస్‌కి కలపండి. 4వ పిన్ నుంచి గ్రౌండ్‌కి 100 మైక్రోఫారడ్లు. 10 కె మీద ఒక 1ఎన్4148, గీత ప్లస్ వైపు. కరెంట్ పోగానే ఈ డయోడ్ ద్వారా కెపాసిటర్ ఖాళీ అవుతుంది, లేకపోతే రెండు సెకన్లకే కరెంట్ తిరిగొస్తే రీసెట్ పనిచేయదు.

10 కె, 100 మైక్రో అంటే సెకను ఆగుతుందని అనుకోకండి. రీసెట్ హద్దు 12లో మూడో వంతు కాదు, రమారమి 0.7 వోల్టు. అది 60 మిల్లీసెకన్లలోనే దాటేస్తుంది. 2వ పిన్ స్థిరపడడానికి కొన్ని మిల్లీసెకన్లు చాలు కాబట్టి మనకి సరిపోతుంది. అడాప్టర్ మరీ నెమ్మదిగా లేచేదైతే 220 మైక్రో పెట్టండి.

---

గోదారి_గట్టు

మెయిన్ ఆపి వేసి చూశాను. లైటు వెలగలేదు! మేడం గారికి గోదారి తీరం నుంచి ఒక కిలో పూతరేకులు బాకీ.

చిన్న సందేహం. లెక్క ప్రకారం 170 సెకన్లు రావాలి. నాకు నాలుగు నిమిషాలకి దగ్గరగా వస్తోంది. మొదటి రోజైతే ఇంకా ఎక్కువ వచ్చింది.

---

పాతరేడియో

ఆ 470 కొత్తదా, పాత బోర్డు మీంచి పీకిందా?

---

గోదారి_గట్టు

పాత టీవీ బోర్డుది 😬

---

పాతరేడియో

అనుకున్నా. ఏళ్ల తరబడి ఊరికే పడున్న ఎలక్ట్రోలిటిక్‌కి లీకేజీ ఎక్కువుంటుంది. వోల్టేజీ పడుతున్నకొద్దీ కొన్నాళ్లకి కొంత కోలుకుంటుంది. మొదటి రోజు ఎక్కువ, తర్వాత తగ్గింది అన్నారు, అందుకే.

---

డల్లాస్_బాబాయ్

ఎందుకింత తేడా అంటే, చివర్లో చూడండి. కెపాసిటర్ 8 దగ్గరికొచ్చేసరికి 330 కె మీద మిగిలేది 4 వోల్టులే. అంటే నిండే కరెంటు 12 మైక్రోయాంపులు. కెపాసిటరే లోపల ఐదారు మైక్రోయాంపులు తినేస్తుంటే చివరి వోల్టు నత్తనడకే. కెపాసిటెన్స్ కూడా మీద రాసినదానికి 20 శాతం అటూ ఇటూ ఉండొచ్చు.

అందుకే 1000 మైక్రో, 1 మెగా పెట్టి పావుగంట టైమర్ చేద్దామనుకునేవాళ్లని ఆపుతాను. అక్కడ చివర్లో మిగిలేది 4 మైక్రోయాంపులు. మామూలు కెపాసిటర్ అయితే 8 దాకా అసలు చేరకపోవచ్చు, లైటు ఇక ఆరదు. అప్పుడు మళ్లీ అందరూ ట్రిగ్గర్‌ని తిడతారు. అంత టైము కావాలంటే సీడీ4060 కౌంటర్ ఐసీ వాడండి, చిన్న కెపాసిటర్‌తో ఆసిలేటర్ పెట్టి 16384తో భాగిస్తుంది.

---

ఆర్డ్యునో_అభి

లేదా ఏటీటైనీ85 😇

---

ఓరుగల్లు_ఓమ్స్

నువ్వు మారవ్ రా అయ్యా. కానీ ఈ ఒక్క దాంట్ల అభి మాటే కరెక్ట్. పది నిమిషాలు దాటితే నేన్ గూడ 555 ముట్ట.

అన్నా, కొత్త 470 కొనేటప్పుడు 25 వోల్టులది 105 డిగ్రీలది తీస్కో. కోఠి గుజరాతీ గల్లీకి పోయే పనుంటే రెండు మూడు కంపెనీలయి తెచ్చి టైము కొలిచి చూడు, దేనిది లెక్కకి దగ్గర వస్తే అది పెట్టు.

---

గోదారి_గట్టు

హైదరాబాద్ దాకా ఎందుకులే తమ్ముడూ, ఇక్కడే దొరికింది. కొత్తది పెట్టాక 178 సెకన్లు. చాలు.

తర్వాత ఎవరికైనా పనికొస్తుందని ట్రిగ్గర్ భాగం మొత్తం ఒకచోట రాస్తున్నా. స్విచ్ లైన్, 100 ఓం, అక్కడి నుంచి ప్లస్‌కి 1 కె, గ్రౌండ్‌కి 0.1, ముందుకి ఇంకో 0.1 ద్వారా 2వ పిన్. 2వ పిన్ నుంచి ప్లస్‌కి 10 కె, దాని పక్కనే 1ఎన్4148 గీత ప్లస్ వైపు. 4వ పిన్‌కి 10 కె, 100 మైక్రో, డయోడ్. 5కి 0.01. 1, 8 మధ్య 0.1, 100 మైక్రో.

స్విచ్ నొక్కి పట్టుకున్నా ఆరుతుంది, మోటార్‌కి వెలగదు, కరెంట్ వస్తే వెలగదు. మూడో అంతస్తు ఆంటీ మాత్రం మోకాళ్ల నొప్పులు, మూడు నిమిషాల్లో ఎక్కలేకపోతున్నా, ఐదు చేయమంటున్నారు. లైటు వెలుగుతుండగా మళ్లీ నొక్కితే టైము పెరగదు కదా దీనికి?

---

సర్క్యూట్_శారద

పెరగదండి. టైము నడుస్తుండగా వచ్చిన ట్రిగ్గర్‌ని 555 పట్టించుకోదు. డల్లాస్ గారి బీసీ557 చిట్కా మీకు నేరుగా కుదరదు, మీ ట్రిగ్గర్ 0.3 మిల్లీసెకను మాత్రమే ఉంటుంది, అంతలో 470 మైక్రో ఖాళీ అవదు. 330 కె తీసి 560 కె పెట్టండి, లెక్క ప్రకారం 290 సెకన్లు వస్తుంది. చివర్లో కరెంటు 7 మైక్రోయాంపులే కాబట్టి కాస్త ఎక్కువే రావచ్చు, ఆంటీకి మంచిదే.

---

కడప_కుర్రాడు

నాది కూడా అయిపోయింది. మనిషి పోయినాక నిమిషం వెలిగి ఆరుతాంది. ఇప్పుడు కుక్కలొచ్చినా వెలుగుతాంది, దానికి 555లో ఏమన్నా ఉందా?

---

పాతరేడియో

దానికి గేటు వేసుకో బాబూ.